కాలినడకకు తగిన వీపుసంచి

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పెరటాసి నెల దగ్గర పడుతోందంటే మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది. "ఈసారి కొండకు నడిచి పోదామా?" అని. ఎవరెవరు వస్తారు, ఏ ఊళ్లో పడుకోవాలి, ఏ చెప్పులు వేసుకోవాలి, అన్నీ వారం ముందునుంచే మాట్లాడుకుంటాం. బట్టలూ సామానూ దేంట్లో పెట్టుకోవాలన్న సంగతి మాత్రం బయల్దేరే ముందు రాత్రి గుర్తుకొస్తుంది. అప్పుడు బీరువా మీదనుంచి పిల్లవాడి పాత కాలేజీ బ్యాగు దిగుతుంది. ఈవేళ నేను ఆ బ్యాగు సంగతే మాట్లాడబోతున్నాను.

"బ్యాగు గురించి చెప్పడానికేముందమ్మా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలా నవ్వినదాన్నే.

మా ఇంటాయనకు ఆపరేషను బాగా జరిగితే కాలినడకన కొండకొస్తానని మొక్కుకున్నాను. స్వామి దయవల్ల బాగా జరిగింది. పుంగనూరు నుంచి మా వదిన, కుప్పం నుంచి మా చెల్లెలు తోడొస్తామన్నారు. మదనపల్లెలో మా ఇంటినుంచి ముగ్గురం బయల్దేరాం. వాల్మీకిపురం, కలికిరి, పీలేరు, భాకరాపేట, రంగంపేట మీదుగా శ్రీనివాస మంగాపురం చేరి, శ్రీవారి మెట్టెక్కి పైకి పోవాలని మా ఏర్పాటు. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. ఐదు రోజుల నడక.

నా వీపున మా అబ్బాయి కాలేజీ బ్యాగు. మా వదినకు దారాల్లాంటి సన్నని తాళ్లున్న సంచి. మా చెల్లెలిది ఒంటి భుజానికి తగిలించుకునే జోలె. మొదటి రోజు గోవిందనామాలతో హుషారుగానే గడిచింది. రెండో రోజు భుజాలు మండాయి. మూడోనాడు పీలేరులో టీ తాగుదామని గ్లాసు పట్టుకుంటే, అది నా కుడిచేతిలోంచి జారి కిందపడింది. వేళ్లకు స్పర్శే లేదు. భయపడిపోయి అక్కడే బస్సెక్కి వెనక్కి వచ్చేశాం.

డాక్టరుగారు చూసి చెప్పిందేమిటంటే, మెడనుంచి చేతికి పోయే నరాలు మెడ ఎముక కిందనుంచి భుజం మీదుగా పోతాయట. బరువైన సంచి పట్టీ గంటలకొద్దీ అక్కడే నొక్కుతూ ఉంటే ఆ నరాలు నలిగి, చెయ్యి తిమ్మిరెక్కి, పట్టు తప్పిపోతుందట. మూటలు మోసే సైనికుల్లో ఇది ఎప్పటినుంచో తెలిసిన జబ్బేనట. నాకు కొన్ని వారాలకు నయమైంది. ఆ తర్వాత బస్సులో పోయి దర్శనం చేసుకొచ్చాను గానీ, మొక్కు తీరిందన్న తృప్తి కలగలేదు. కాళ్లు నడవగలవు, మనసు నడవమంటుంది. ఆపింది ఒక సంచి! అప్పటినుంచీ ఈ సంచుల సంగతి అడిగీ, చదివీ, కొన్నీ తెలుసుకున్నాను. మీకూ పనికొస్తుందని చెబుతున్నాను.

మొట్టమొదట తెలుసుకోవలసింది ఒక్కటే. దూరం నడిచేటప్పుడు బరువు మొయ్యవలసింది భుజాలు కాదు, నడుము.

ఇది మనకు కొత్తేమీ కాదు. చంటిబిడ్డను మనం ఎక్కడ ఎత్తుకుంటాం? నడుము పక్కనున్న ఎముక మీద కూర్చోబెట్టుకుంటాం. నీళ్ల బిందె కూడా అక్కడే ఆనుతుంది. ఆ ఎముకకు ఎంత బలముందో మన అవ్వలకు తెలుసు. ఆ ఎముకనుంచి బరువు నేరుగా కాళ్లలోకి దిగిపోతుంది. తలమీద బిందె పెట్టుకున్నా అంతే, వెన్నెముకకు సూటిగా బరువు దిగుతుంది. కెన్యా దేశంలో తలమీద మోసే ఆడవాళ్లనూ, నుదుటికి పట్టీ తగిలించుకుని వీపున మోసే ఆడవాళ్లనూ శాస్త్రవేత్తలు పరీక్షించి 1986లో ఒక సంగతి ప్రకటించారు. తమ ఒంటి బరువులో ఐదో వంతు వరకూ వాళ్లు అదనంగా శక్తి ఖర్చు కాకుండానే మోస్తున్నారట! అది ఏళ్లతరబడి అలవాటైన ఒడుపు. మనకు ఆ అలవాటు పోయింది కాబట్టి, ఆ పని చేసిపెట్టే సంచి కావాలి.

ఆ పని చేసేది నడుము పట్టీ. మంచి వీపుసంచికి అడుగుభాగంలో రెండువైపులా మెత్తగా, వెడల్పుగా ఒక పట్టీ ఉంటుంది. దాన్ని నడుము ఎముకల మీదుగా చుట్టి ముందు బకిల్ పెట్టుకోవాలి. తలమీద బిందె కింద చుట్టకుదురు ఎలాగో, నడుముకు ఈ పట్టీ అలాగ. ఇది సరిగ్గా అమరితే బరువులో ముప్పాతిక వంతు దాకా నడుమే మోస్తుంది. భుజం పట్టీలు సంచి వెనక్కి పడిపోకుండా పట్టుకుంటే చాలు. సంచి వీపు వైపున ఒక గట్టి పలకో, కమ్మీల ఫ్రేమో కూడా ఉండాలి. అది లేకపోతే బరువు నడుము దాకా దిగదు, సంచి మధ్యలోనే కుంగిపోతుంది. పిల్లల స్కూలు బ్యాగుల్లో ఈ రెండూ ఉండవు. ఉన్నా, నడుముకు ఒక సన్నని నాడా మాత్రం ఉంటుంది. అది బరువు మొయ్యదు, సంచి ఊగకుండా ఆపుతుంది, అంతే.

ఈ నడుము పట్టీని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో అమెరికాకు చెందిన డిక్ కెల్టీ ఒకరు. 1952లో ఆయన ఇంట్లోనే అల్యూమినియం ఫ్రేములు తయారుచేస్తుంటే, ఆయన భార్య నీనా కుట్టుమిషను మీద సంచులు కుట్టింది. కొండలెక్కేవాళ్లు ఈనాటికీ చెప్పుకునే సంచులు ఒక ఇల్లాలి మిషను మీదనే పుట్టాయన్నమాట.

ఇక రెండో సంగతి, కొలత. ఇక్కడే మనం మోసపోతాం. దుకాణంలో "ఎత్తెంతమ్మా?" అని అడిగి ఒక సంచి చేతికిస్తారు. సంచికి కావలసింది మన ఎత్తు కాదు, వీపు పొడవు. దీనికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. మా చెల్లెలు ఐదడుగుల నాలుగంగుళాల మనిషి. మా వదిన సరిగ్గా ఐదడుగులు. టేపు పెట్టి చూస్తే మా చెల్లెలి వీపు 15 అంగుళాలు, మా వదినది 16! చెల్లెలి ఎత్తంతా కాళ్లలో ఉంది మరి. ఎత్తు చూసి కొనివుంటే ఇద్దరికీ తప్పు సంచులే వచ్చేవి.

కొలుచుకోవడం చాలా సులభం, అయితే రెండో మనిషి సాయం కావాలి. తల ముందుకు వంచండి. మెడ కింద వీపు మొదట్లో ఒక ఎముక బొడిపెలా పైకి తేలుతుంది. టేపు ఒక కొస అక్కడ పెట్టమనండి. తర్వాత రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, నడుము ఎముకల పైఅంచు తడుముకోండి. బొటనవేళ్లు వెనక్కి ఉంచండి. రెండు బొటనవేళ్లనూ కలుపుతూ వీపు మీద ఒక అడ్డగీత ఉందనుకోండి. మెడ బొడిపె నుంచి ఆ గీతదాకా వెన్ను వంపు వెంబడి టేపు ఆనించి కొలిస్తే అదే మీ వీపు పొడవు. ఆడవాళ్ల సంచులు ఎక్కువగా 14 నుంచి 18 అంగుళాల వీపులకు తగినట్టు వస్తాయి. కొన్నింట్లో వీపు భాగాన్ని పైకీ కిందికీ జరుపుకునే వీలుంటుంది. అది ఇంకా మంచిది. తల్లీ కూతుళ్లిద్దరూ వాడుకోవచ్చు.

"ఆడవాళ్ల సంచి వేరే ఉంటుందా?" అని అడుగుతారేమో. ఉంటుంది. గులాబీరంగు వేసి, ఒక పువ్వు కుట్టినంత మాత్రాన అది ఆడవాళ్ల సంచి కాదు. చూడవలసిన తేడాలు మూడు. మొదటిది, వీపు పొడవు తక్కువగా ఉండాలి. రెండోది, భుజం పట్టీలు మెడకు కాస్త దగ్గరగా, ఎద పక్కనుంచి వంపు తిరిగి ఉండాలి. మగవాళ్ల సంచిలో పట్టీలు ఎడంగా, సూటిగా ఉంటాయి. అందుకే అవి మన భుజాలమీదనుంచి జారిపోతుంటాయి, లేదా ఎదను నొక్కేస్తుంటాయి. మూడోది, నడుము పట్టీ మన తుంటి ఆకారానికి తగ్గట్టు ఏటవాలుగా ఉండాలి. అలాగని పేరు చూసి కొననవసరం లేదు. వెడల్పాటి భుజాలున్న ఆడమనిషికి మగవాళ్ల సంచే నప్పవచ్చు. ఒంటికి సరిపోయిందే మన సంచి.

మూడో సంగతి, ఎంత పెద్ద సంచి? వీటిని లీటర్లలో కొలుస్తారు. గుడారం, పరుపు, వంటసామాను మోసుకుని హిమాలయాల్లో నడిచేవాళ్లకు 50, 60 లీటర్ల సంచి కావాలి. మన దారిలో రాత్రికి సత్రమో, గుడో, చుట్టాలిల్లో దొరుకుతుంది. తిండి కూడా దొరుకుతుంది. 30, 35 లీటర్ల సంచి చాలు. పెద్దది కొంటే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. డబ్బా పెద్దదైతే నిండేదాకా మనకు నిద్ర పట్టదు!

బరువు సంగతికొస్తే, పిల్లల స్కూలు బ్యాగు వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన విధానంలో ఉంది. పెద్దవాళ్లు, అలవాటున్నవాళ్లు అయితే రోజులతరబడి నడిచేటప్పుడు ఐదో వంతు దాకా మొయ్యవచ్చంటారు. ఇంట్లో ఉండి, ఏడాదికోసారి నడిచే మనం పదో వంతుకు దగ్గర్లో ఉంటేనే సుఖం. 55 కిలోల మనిషికి ఐదున్నర, ఆరు కిలోలు. లెక్క చూడండి. సంచి బరువే కిలో పైన. రెండు లీటర్ల నీళ్లు రెండు కిలోలు. రెండు జతల బట్టలు ఒక కిలో. దుప్పటి అర కిలో. మందులు, సబ్బు, టార్చిలైటు, ఫోను తీగ లాంటివి అర కిలో. అటుకులో, చెనక్కాయ ఉండలో అర కిలో. అయిపోయింది, ఆరు కిలోలు దగ్గరపడ్డాయి. అలిపిరి దారిన ఎక్కేవాళ్లకు అక్కడ సామాను అప్పగిస్తే దేవస్థానంవాళ్లే పైకి చేరుస్తారు. నిజమే. కాని అలిపిరి దాకా మోసేది మనమే కదా!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదటిసారి నేను తిరిగొచ్చాక, బ్యాగు విప్పి కాటా మీద పెట్టాను. పది కిలోలు దాటింది. అందులో నావి ఎన్ననుకున్నారు? నాలుగు కిలోలు కూడా లేవు. మిగతావి? దారిలో వచ్చి కలుస్తానన్న మా అబ్బాయి బట్టలు. అందరికీ అని చేసిన మురుకులు. ఎవరికో జ్వరమొస్తే అని ఇంకో దుప్పటి. స్టీలు క్యారియరు. మా వదిన సంచీ అంతే. ఇంట్లో అలవాటు దారిలో కూడా వదల్లేదు. అంచేత సంచి కొనేముందు, ఎవరి బరువు మోస్తున్నామో ఒకసారి చూసుకోండి. ఎవరి బట్టలు వాళ్లే మొయ్యాలని ఇంట్లో ముందే చెప్పెయ్యండి. ఇందులో మొహమాటం వద్దు.

అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అని ఒక పెద్దావిడ ఉండేది. పదకొండుమంది పిల్లల తల్లి. 1955లో, తన 67వ ఏట, అప్పలాచియన్ కొండదారిని ఒంటరిగా నడిచింది. సుమారు 3,300 కిలోమీటర్లు. ఆవిడ దగ్గర ఖరీదైన సంచి ఏదీ లేదు. డెనిమ్ గుడ్డతో తనే కుట్టుకున్న సంచిని ఒక భుజాన వేసుకుని నడిచింది. ఎలా నడవగలిగింది? తనకు కావలసింది తప్ప ఇంకేమీ పెట్టుకోలేదు. సంచి మంచిదైతే సుఖం, బరువు తక్కువైతే ఇంకా సుఖం.

ఇప్పుడు కొనడం సంగతి. మన ఊళ్ల బజార్లలో ఎక్కువగా దొరికేవి స్కూలు బ్యాగులే. నడుము పట్టీ ఉన్నవి కావాలంటే బెంగళూరో, తిరుపతో వెళ్లినప్పుడు ఆటసామాన్ల దుకాణాల్లో చూడాలి. కుప్పంవాళ్లకు బెంగళూరుకు రైలు సౌకర్యం ఉండనే ఉంది. చీర కొనడానికి నాలుగు దుకాణాలు తిరిగే మనం సంచి దగ్గర మొహమాటపడకూడదు. ఖాళీ సంచి ఎవరి వీపు మీదైనా బాగానే ఉంటుంది. అంచేత ఐదు కిలోల బరువేదైనా లోపల పెట్టించి, వేసుకుని, దుకాణంలోనే పావుగంట తిరగండి. మెట్లుంటే ఎక్కి దిగండి.

వేసుకునే పద్ధతి కూడా ఉంది. ముందు పట్టీలన్నీ వదులు చెయ్యండి. సంచి వీపుకెత్తుకుని నడుము పట్టీ ఎముకల పైఅంచును కప్పేలా పెట్టి బిగించండి. పొట్ట మీదకు రాకూడదు, తొడల మీదకు జారకూడదు. తర్వాత భుజం పట్టీలు లాగండి. అవి భుజం చుట్టూ ఆనుకోవాలి గాని, పైనుంచి నొక్కకూడదు. భుజం పైభాగాన సంచికీ పట్టీకీ మధ్య చిన్న నాడాలుంటాయి. వాటిని కాస్త లాగితే సంచి వీపుకు దగ్గరవుతుంది. చివరికి ఎద మీద అడ్డంగా వచ్చే పట్టీ. అది మెడ ఎముకలకు ఒక అంగుళం కింద, ఎదకు పైన ఉండాలి. దాన్ని పైకీ కిందికీ జరుపుకునే వీలుందో లేదో చూడండి. ఊపిరి బిగబట్టేలా లాగకండి. అన్నీ అయ్యాక మీ భుజం పట్టీ కింద వేలు పెట్టి చూడండి. సులువుగా దూరితే బరువు నడుముకు దిగినట్టే.

దుకాణంవాళ్లు చెప్పని సంగతులు కొన్ని మనవే ఉన్నాయి. లంగా బొందు ముడిగాని, చుడీదారు నాడా ముడిగాని నడుము పట్టీ కింద పడితే సాయంత్రానికి పుండే. ముడి పట్టీకి పైన ఉండేలా కట్టుకోండి, లేదా ఎలాస్టిక్ ఉన్నది వేసుకోండి. చీర కట్టుకునేవాళ్లు కుచ్చిళ్లు పలచగా పెట్టుకుని, పవిట చుట్టి దోపి, ఆ పైన పట్టీ బిగించాలి. మంగళసూత్రం రవికె లోపలికి వేసుకోండి. ఎద పట్టీ బకిల్‌లో పడితే తెగుతుంది. లోదుస్తుల భుజం పట్టీకున్న ఇనుప కొక్కెం సంచి పట్టీ కింద పడకుండా చూసుకోండి. ఆపరేషను కాన్పు అయి ఎక్కువకాలం కానివాళ్లు, గర్భసంచి జారిందని డాక్టరు చెప్పినవాళ్లు, నడుము పట్టీ బిగించి బరువు మొయ్యాలంటే ముందు డాక్టరును అడగాలి. ఇది సిగ్గుపడి దాచుకునే విషయం కాదు.

సర్దుకోవడంలోనూ ఒక కిటుకుంది. దుప్పటి లాంటి తేలికైనవి అడుగున. నీళ్లు, తిండి లాంటి బరువైనవి మధ్యలో, వీపుకు ఆనించి. మాటిమాటికీ కావలసినవి పైన. బరువు వీపుకు దూరమైనకొద్దీ వెనక్కి లాగుతుంది. మనం ముందుకు వంగుతాం. సాయంత్రానికి నడుం నొప్పి. బిందెను ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చాచిన చేతులతో పట్టుకోవడానికీ ఉన్న తేడాయే ఇది. పెరటాసిలో వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. సంచి లోపల ఒక పెద్ద పాలిథిన్ కవరు పరిచి, దాంట్లో బట్టలు పెట్టుకుంటే నిశ్చింత.

కొత్త సంచితో సూటిగా ప్రయాణానికి బయల్దేరకండి. కనీసం రెండు మూడు వారాలు ఇంటి దగ్గర అలవాటు చేసుకోండి. మొదట రెండు కిలోలతో అరగంట, తర్వాత నాలుగు, ఆ తర్వాత ఆరు. మదనపల్లెవాళ్లకు హార్సిలీ కొండ దారి ఉంది. పుంగనూరువాళ్లకు బోయకొండ గంగమ్మ మెట్లున్నాయి. కుప్పం, పలమనేరు అడవి పక్క ఊళ్లవాళ్లు మాత్రం చీకటితో బయల్దేరకండి. కౌండిన్య అడవుల ఏనుగులు రోడ్ల మీదకు వస్తుంటాయి. మా చెల్లెలు మిద్దె మెట్లే రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగింది. చుట్టుపక్కలవాళ్లు నవ్వితే, "మెట్లేగదా ఎక్కతా ఉండాను, దొంగతనం జేస్తా ఉండానా?" అందట.

ముగ్గురికీ మూడు సంచులంటే ఖర్చే. నిజమే. "ఏడాదికోసారి నడకకు ఇంత పెట్టాలా?" అని మా ఇంటాయన కూడా మొదట గొణిగారు. పండక్కి కొన్న పట్టుచీర ఏడాదికి ఎన్నిసార్లు కడతామో అడిగాను. ఇంకేం మాట్లాడలేదు. చేతి డాక్టరుకైన ఖర్చు సంగతి నేనే ఎత్తలేదు. మా అందరికీ ఒకేసారి కొనలేని మా వదిన, అన్న కూతురి సంచి అరువు తెచ్చుకుంది. వీపు కొలత సరిపోయింది కాబట్టి అదే చాలింది. కొత్తదే కావాలని లేదు, కొలతకు సరిపోతే చాలు.

మరుసటేడు పెరటాసిలో మళ్లీ ముగ్గురం నడిచాం. పీలేరులో అదే చోట ఆగి టీ తాగాం. గ్లాసు రెండు చేతులా మార్చి మార్చి పట్టుకుని చూసుకున్నాను. ఐదోనాడు శ్రీవారి మెట్టు, 2,388 మెట్లు. కాళ్లు నొప్పి పుట్టాయి. పుట్టకుండా ఎలా ఉంటాయి? భుజాలు మాత్రం తేలిగ్గా ఉన్నాయి. సగం మెట్ల దగ్గర మా వదిన ఆయాసపడుతూ ఆగి, "ఏం వదినా, పోయినసారి సంచి మనల్ని వెనక్కి తోలుకుపోయిండె. ఈసారి మనమే దాన్ని పైకి తోలుకుపోతా ఉండాం" అంది. ముగ్గురం నవ్వుకుంటూ ఎక్కేశాం.

మీలో ఎవరైనా ఈ ఏడు నడవాలనుకుంటే, ముందు కుట్టుమిషను సొరుగులోంచి టేపు తియ్యండి. పక్కింటి అక్కయ్యనో, కూతుర్నో పిలిచి వీపు కొలిపించుకోండి. జాకెట్టుకు అంగుళం తేడా వస్తే ఒప్పుకోని మనం, ఐదు రోజులు ఒంటిమీద మోసే సంచికి కొలత చూసుకోకపోతే ఎలా?